అక్కకి తర్వాత చెప్తామన్నవి

మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వు మీద కాదు నా కోపం, నవ్వు తర్వాత జరిగేదాని మీద. నవ్వు ఆగగానే అక్క మా మొహాలు వరసగా చూస్తుంది. చెయ్యి తిప్పి, ఏంది అని అడుగుతుంది. అప్పుడు మాలో ఎవరో ఒకరు, కళ్ళు టీవీ మీంచి తియ్యకుండానే, అరచెయ్యి ఎత్తి గాలిని కిందికి అదిమినట్టు రెండుసార్లు ఆడిస్తారు. మా ఇంటి సైగల్లో దానికి ఒకటే అర్థం: తర్వాత చెప్తాలే. అమ్మ అలా ఆడించింది, నాయన ఆడించాడు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూడా రెండు రోజుల్లో నేర్చుకుని ఆడించారు. అక్కతో మాట్లాడే సైగల్లో అందరికీ తొందరగా పట్టుబడింది అదొక్కటే.

నేనూ ఆడించాను. ఆ సంగతి మొదట్లోనే ఒప్పుకుంటే మంచిది, ఎందుకంటే ఇక్కడ నేను చాలామందిని తిట్టబోతున్నాను.

అక్కకి మూడో ఏట జ్వరం తగిలి వినికిడి పోయింది. అప్పటికి నేను పుట్టలేదు. నేను ఎరిగిన అక్క ఎప్పుడూ వినపడని అక్కే. మా ఇల్లు ఉదయగిరిలో, కొండ కింద వీధిలో. నాయనా అమ్మా చెక్క గరిటెలు, స్పూన్లు, దువ్వెనలు చెక్కేవాళ్ళు. అక్క పదేళ్ళకే ఆకురాయి పట్టింది. ఇవాళ ఆ వీధి మొత్తంలో ఆమె చేసిన స్పూను అంచంత పల్చగా ఇంకెవరికీ రాదు. మిషను బడిలో ఒక టీచరమ్మ పంతం పట్టి ఆమెకి అక్షరాలు నేర్పింది. ఐదో తరగతి దాకా తన పక్కనే కూర్చోబెట్టుకుని చదివించింది. అందుకని అక్క చదువుతుంది, రాస్తుంది. చిన్న సంగతులకి మేము కల్పించుకున్న సైగలు, పెద్ద సంగతులకి నోటుబుక్కు. ఆదివారం చర్చిలో అందరూ పాట ఎత్తుకుంటే ఆమె ముందు బెంచీ వీపు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. డప్పు ఎక్కడ తడబడిందో పాడేవాళ్ళకంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

మన భాషలో చెవిటివాళ్ళ మీద సామెతలు బోలెడున్నాయి. ఒక్కటి కూడా ఇక్కడ రాయను. అవి చెప్పి నవ్వినవాళ్ళు ఎక్కడివాళ్ళో కాదు. మా ఇంటికొచ్చి, అక్క పెట్టిన కాఫీ తాగుతూ, అక్క ఎదురుగానే చెప్పినవాళ్ళు.

నాయన పోయి పన్నెండేళ్ళయింది. మధ్యాహ్నం పూట, ముందు గదిలో, మంచం మీద. చుట్టూ మేము, పెదనాయన వాళ్ళు, చర్చి పెద్దలు, గాలి ఆడనంత జనం. అక్కకి మంచం దగ్గర చోటు దొరకలేదు. గుమ్మంలో నిలబడి ద్వారబంధం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. నాయన పెదాలు కదిలాయి. కాసేపాగి మళ్ళీ కదిలాయి. ఆ తర్వాత అందరం ఒక్కసారిగా ఏడ్చాం. అక్క ఆ మొహాలన్నీ వరసగా చూసి, చివరికి నన్ను చూసి, చెయ్యి తిప్పింది. ఏంది? ఏం చెప్పినాడు? నేను అరచెయ్యి ఎత్తి రెండుసార్లు ఆడించాను.

నాయన ఏమన్నాడో తర్వాత చెప్తాను. చూశారా, మీతోనూ అదే అంటున్నాను. అలవాటు అంతగా పాతుకుపోయింది.

పెళ్ళయ్యాక నేను ఆత్మకూరులో ఉంటున్నాను. బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లో చాలా ఏళ్ళు పెళ్ళి కార్డులు, బడుల ప్రశ్నపత్రాలు, అర్జీలు టైపు చేశాను. తప్పుల్లేకుండా వేగంగా కొడతానని ఎవరో చెబితే హైదరాబాదు కంపెనీ ఒకటి సీరియళ్ళకి సబ్‌టైటిల్స్ రాసే పని ఇచ్చింది. వినపడనివాళ్ళ కోసం తెలుగు సీరియలుకి తెలుగులోనే కింద అక్షరాలు. ఇంట్లోనే కూర్చుని, లాప్‌టాప్‌లో ఎపిసోడు చూస్తూ, మాట మొదలైన చోట అక్షరాలు మొదలుపెట్టాలి, ఆగిన చోట ఆపాలి. మాట కానిదాన్నంతా బ్రాకెట్లో పెట్టాలి. బ్రాకెట్లోకి కంపెనీ ఒప్పుకున్న మాటలు నాలుగే: సంగీతం, శబ్దం, ఏడుపు, నవ్వు.

శబ్దం! ఆ ఒక్క మాట కొట్టీ కొట్టీ నా వేళ్ళకి విసుగొచ్చింది. పళ్ళెం పడితే శబ్దం, తలుపు తడితే శబ్దం, తుపాకి పేలితే శబ్దం. ఏం వండారని అడిగితే తిండి అని చెప్పినట్టు. ఇదేం రాత అని కంపెనీలో నా పని చూసే సారుని అడిగితే, "వాళ్ళకి అంతకంటే ఎందుకు మేడమ్?" అన్నాడు. వాళ్ళకి అనే ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. అయినా మర్నాడు మళ్ళీ కూర్చుని శబ్దం, శబ్దం అని కొట్టాను. నా పౌరుషం అంతవరకే.

ఆ సారే పోయినేడు ఒకరోజు ఫోను చేసి, గొంతులో తేనె పోసుకుని మాట్లాడాడు. ఛానెల్ వాళ్ళు కొత్తరకం సబ్‌టైటిల్స్ కావాలంటున్నారట. అక్షరాలు కదలాలట, చప్పుడు ఎటునుంచి వస్తే అటునుంచి రావాలట, చూసేవాళ్ళకి ఒంటికి తగిలినట్టు ఉండాలట. ఒక ఎపిసోడు నమూనా చేసి చూపిస్తే, నచ్చితే సీరియలంతా అలాగే వేస్తారట. "మీ ఇంట్లో ఉన్నారు కదా మేడమ్, ఒకామె. మీకైతే బాగా తెలుస్తుంది" అన్నాడు. ఒకామె! నాలుక చివరిదాకా వచ్చినదాన్ని మింగేసి ఒప్పుకున్నాను. ఎందుకంటే ఆ సీరియలు అమ్మ వాళ్ళింట్లో రోజూ సాయంత్రం పెట్టేదే. అది అట్లా వస్తే మా ఇంట్లో చెయ్యి ఆడించే పని ఎవరికీ ఉండదు. అక్క ఎవరి మొహమూ చూసి ఏంది అని అడగక్కర్లేదు. నాకు కావలసింది అదొక్కటే.

రెండు వారాలు కూర్చుని ఎపిసోడు మొత్తం చేశాను. అందులో కోడలు తలుపు చాటున నిలబడి వింటుంది, మామగారు మెట్లు దిగుతుంటాడు, వంటింట్లో గ్లాసు పగులుతుంది, బయట వాన. శబ్దం అనే మాట ఎక్కడా పడకుండా చూసుకున్నాను. గాజులకి గలగల, మెట్లకి ధబధబ, గ్లాసుకి భళ్ళు, వానకి జోరుజోరు. గలగల అనే అక్షరాలు మెరుస్తూ ఊగేలా చేశాను. భళ్ళు అనేది పెద్దదై ముక్కలుగా చెదిరేలా చేశాను. నాకు నేనే మురిసిపోయాను. శనివారం లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను.

వైరు తగిలించి టీవీలో అక్కకి చూపించాను. చివరిదాకా కళ్ళు తిప్పకుండా చూసింది. తర్వాత నోటుబుక్కు తీసి రాసింది: "గలగల అంటే చేతికి ఎట్లుంటాది?"

గాజుల చప్పుడు అని రాశాను.

"గాజులు నాకూ ఉండాయి. అది ఎట్లుంటాదని అడగతా ఉండా."

ధబధబ అంటే బరువా, తొందరా అని అడిగింది. రెండూ చెప్పలేకపోయాను. అవన్నీ విన్నవాళ్ళకి విన్నదాన్నే గుర్తుచేసే మాటలు. నేను రెండు వారాలు రంగులేసి, ఊపి, తిప్పి ఆమె ముందు పెట్టింది మళ్ళీ ఆ బ్రాకెట్లో శబ్దమే, కాస్త మంచి చీర కట్టుకుని వచ్చింది. పెళ్ళయ్యేదాకా అక్క పక్కనే పడుకుని లేచాను. ఆమెకి ఏది ఎట్లా తెలుస్తుందో ఒక్కసారైనా అడగలేదు. సారుని తిట్టుకున్న నోటితోనే నన్ను నేను తిట్టుకున్నాను.

అక్కకి కోపం రాలేదు. నా చెయ్యి పట్టుకుని పెరట్లో పని చేసుకునే చోటికి లాక్కుపోయింది. గరిటెలు చెక్కే నర్ది కర్ర మొద్దు మీద నా అరచెయ్యి పెట్టించి, అవతలి కొసన అమ్మ చేత రంపం ఆడించింది. ఆ అదురు నా మోచేయి దాకా గుంజేసింది. రంపం ఆపించి తనే ఆకురాయితో రుద్దింది. ఈసారి వేళ్ళ దగ్గరే గరగరమని ఆగిపోయింది. చివరికి నున్నన చేసే ఉప్పు కాగితం. అది తెలిసీ తెలియదు. ఊపిరి బిగబట్టి కూర్చుంటే గోళ్ళ కింద ఏదో పాకినట్టుంటుంది. మూడూ అయ్యాక నోటుబుక్కులో రాసింది: "నాకు ఇట్ల తెలస్తాది. వాళ్ళు గట్టిగా అరిస్తే రంపమా? మెల్లంగా అంటే ఉప్పు కాయితమా?"

అవునన్నాను. అమ్మ రంపం పట్టుకుని అట్లాగే నిలబడి, "ఇన్నేండ్లు ఈ మాట ఎవురికీ చెప్పలేదే ఇది" అంది. ఎవరు అడిగారని చెప్తుంది?

ఆ పూటంతా మేమిద్దరం టీవీ ముందే కూర్చున్నాం. ఒక్కో చప్పుడు దగ్గరా నేను ఆపాలి. ఎంత గట్టి, ఎటునుంచి, ఆగి ఆగి వచ్చిందా, ఒకే పట్టున వచ్చిందా అని ఆమె అడగాలి. నేను ఆమె మణికట్టు మీద వేలితో చెప్పాలి. గుసగుసకి వేలి కొస తగిలీ తగలనట్టు. మామూలు మాటకి వేలు ఆనించి. అరుపుకి గోరు దిగేటట్టు. మొదట్లో నేను మొహమాటపడి అరుపుని కూడా మెత్తగా నొక్కాను. ఆమె నా చెయ్యి విసిరికొట్టి "సరింగా చెప్పు" అని రాసింది. నిజంగా గోరు దించాక తల ఊపింది.

సంగీతం దగ్గర పెద్ద గొడవే అయింది. కోడలు ఒక్కతే తలుపు చాటున ఉంటే వెనక వాయిద్యాలు మోగుతాయి కదా. ఆ సంగతి రాసి చూపించగానే అక్క టీవీలో గదంతా వెతికింది. "ఎవురు వాయిస్తా ఉండారు? ఇంట్లో ఎవురూ లేరే?" ఎవరూ లేరని, చూసేవాళ్ళకి భయం పుట్టించడానికి బయటినుంచి కలుపుతారని చెప్పాను. ఆమెకి నిజంగా కోపం వచ్చింది ఇక్కడ. "అంటే మీకు ముందే చెప్పేస్తారా? అందుకేనా మీరంతా ముందే ఉలిక్కిపడేది? నేను దడుచుకుంటే పిరికిదని నవ్వినారే!" అని పెన్సిలు విరిగేటట్టు రాసింది. చిన్నప్పుడు టీవీలో దెయ్యం తలుపు తీసినప్పుడల్లా అక్క కేక పెట్టేది. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. మాకు ముందే తెలుసు, ఆమెకి తెలియదు. అంతే తేడా. అది ఇప్పుడు నలభై దాటాక ఆమెకి తెలిసింది, నాకూ ఇప్పుడే తెలిసింది.

ఆత్మకూరు పోయి ఇంకో రెండు వారాలు కూర్చుని చేసి తెచ్చిన రెండో నమూనాలో ఒక్క గలగల కూడా లేదు. గుసగుసలు సన్నటి అక్షరాలతో, గరుకు గోడ మీద సుద్దతో రాసినట్టు పొడిపొడిగా వచ్చాయి. అరుపులకి అంచులు రంపం పళ్ళయ్యాయి, తెర మొత్తాన్ని ఒక్క కుదుపు కుదిపాయి. మామగారి అడుగులు కుడిపక్క పైమూల నుంచి ఒక్కొక్కటే దిగాయి, దగ్గరికి వచ్చేకొద్దీ లావయ్యాయి. వాన అందరి మాటల వెనకా సన్నగా, ఆగకుండా పడుతూనే ఉంది. కోడలి గొంతు పూడుకుపోయిన చోట మాట మధ్యలో అక్షరాలు ఇరుక్కుపోయి, కాసేపటికి ఒక్కపెట్టున బయటపడ్డాయి. వాయిద్యాల బదులు, భయం రాబోతుంటే తెర అంచులు మెల్లగా నల్లబడేలా చేశాను. గ్లాసు పగిలాక ఇంట్లో వాళ్ళు కదలకుండా నిలబడే చోట, తెర మధ్యలో చిన్నగా, ఇంట్లో అన్నీ ఆగిపోయాయి అని రాశాను.

అక్కడికి రాగానే అక్క ఆపమంది. నోటుబుక్కు తీసింది.

"మీకు గూడా ఆగిపోతాదా?"

ఆగిపోతుందని, ఒక్కోసారి మాకూ ఏమీ వినపడదని, అప్పుడు మాకు గుండె దడదడలాడుతుందని ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెకి చెప్పలేదు. మేము రాత్రీ పగలూ ఏదో ఒకటి వింటూనే ఉంటామనుకుందట పాపం. అవునని నేను రాసిన ఆ ఒక్క మాటనే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం అమ్మనీ పక్కింటి పిన్నినీ కూర్చోబెట్టుకుని మళ్ళీ వేశాం. ఇంట్లో వాళ్ళంతా మామగారి ముందు చేతులు కట్టుకుని తమ కష్టాలు చెప్పుకుంటుంటారు. ఆయన కుర్చీ మనకి వీపు తిప్పి ఉంటుంది. అందరూ తీర్పు కోసం ఎదురుచూస్తుంటే కుర్చీ వెనకనుంచి గురక. నేను ఆ గురకని కుర్చీ కిందినుంచి లావుగా లేచి, సన్నబడి, మళ్ళీ లావయ్యే అక్షరాలతో రాశాను. అక్కడ నలుగురం ఒక్కసారే నవ్వాం. అక్క మాతోపాటే నవ్వింది, మా తర్వాత కాదు. అమ్మ టీవీ వదిలేసి అక్కనే చూస్తూ ఉండిపోయింది. "ఇది రోజూ వస్తాదా మే?" అని నన్నడిగింది. వస్తుందని మాటిచ్చాను.

నమూనా చూసి సారు ఫోన్లో పొంగిపోయాడు. ఛానెల్ వాళ్ళకీ తెగ నచ్చిందన్నాడు. ఆత్మకూరులోనే ఫంక్షన్ హాల్లో సభ పెట్టి ప్రారంభిస్తారట, చుట్టుపక్కల మండలాల నుంచి వినపడనివాళ్ళని పిలుస్తారట, మొదటి వరసలో అక్క కూర్చోవాలట. ముందుగా ఫొటో తియ్యడానికి ఒకాయన ఉదయగిరి వచ్చాడు. ఆకురాయి పక్కన పడేసి, చెక్క గరిటె చెవి దగ్గర పెట్టుకుని నవ్వమన్నాడు. అక్క ఆ గరిటె తీసి ఆయన నోటి దగ్గర పెట్టి, గరిటె పోవలసింది ఇక్కడికని చూపించింది. నేను అడ్డం తిరిగితే "కాన్సెప్ట్ మేడమ్" అని నాకే పాఠం చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు కదా, చివరికి ఫ్లెక్సీ మీద ఆమె బొమ్మ పక్కన ఎవరిదో ఇంత పెద్ద చెవి వేశారు.

సభ రోజు అమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేనంది. అక్క చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. హాల్లోకి అడుగు పెట్టగానే నా చెవులు గింగురుమన్నాయి. వేదికకి రెండువైపులా మనిషెత్తు సౌండు బాక్సులు. వినపడనివాళ్ళ సభకి! వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నారు. వాళ్ళు చెప్పేది చేతులతో చెప్పేవాళ్ళు లేరు, కనీసం తెర మీద రాసేవాళ్ళు లేరు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను అక్కకి ఒక్కో మాటా నోటుబుక్కులో రాసిస్తూ కూర్చున్నాను. తర్వాత ఆమెకి శాలువా కప్పారు. తర్వాత తెర మీద ఎపిసోడు వేశారు.

కింద తెల్లటి గీత మీద మామూలు అక్షరాలు. మామగారి అడుగులు లేవు. వాన లేదు. గ్లాసు పగిలింది. బ్రాకెట్లో శబ్దం.

అక్క తల తిప్పి నన్ను చూసింది. నేను లేచి, వేదిక పక్కన నిలబడ్డ సారు దగ్గరికి పోయాను. నా నమూనా ఏదని అడిగాను.

"ప్రకటనలిచ్చేవాళ్ళు ఒప్పుకోలేదు మేడమ్. అక్షరాలు హీరోయిన్ మొహం మీదికి వస్తున్నాయంట. మామూలువాళ్ళు డిస్టర్బ్ అవుతారు కదా."

"మరి ఈ సభ ఎందుకు పెట్టినారు? మా అక్కని ఎందుకు పిలిపించినారు?"

"అవేర్‌నెస్ మేడమ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

జీవితంలో మొదటిసారి ఒక పరాయి మగవాడి మీద గొంతు చించుకుని అరిచాను. సిగ్గుందా అన్నాను, ఆమె బొమ్మ కావాల్సి వచ్చింది గానీ ఆమె కళ్ళు అక్కర్లేదా అన్నాను, ఇంకా చాలా అన్నాను. బాక్సుల హోరులో ఆయనకి సగం కూడా వినపడి ఉండదు. వేదిక మీద పెద్దమనిషి ఒకాయన అప్పుడే మా అక్క గురించి ఎత్తుకున్నాడు. ఈ చెల్లెమ్మ ధైర్యం చూడండి, దేవుడిచ్చిన లోపాన్ని జయించింది, ఇవాళ్టి నుంచి ఈమెకి టీవీ మాట్లాడుతుంది అంటున్నాడు. వేదిక మీదివాళ్ళని చూసి హాలంతా అక్క వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. ఆమెకి కనపడింది ఏమిటంటే, ఉన్నట్టుండి అన్ని మొహాలూ తనని చూస్తున్నాయి, అన్ని చేతులూ కొట్టుకుంటున్నాయి. ఎందుకో తెలియదు. లేచి, నా దగ్గరికి వచ్చి, నా భుజం పట్టి లాగి, చెయ్యి తిప్పింది. ఏంది?

నేను సారు మొహం మీంచి కళ్ళు తియ్యలేదు. తిట్టు మధ్యలో ఉన్నాను. అరచెయ్యి ఎత్తి, గాలిని కిందికి అదిమినట్టు, రెండుసార్లు ఆడించాను.

రెండోసారి ఆడించి చెయ్యి దించకముందే నాకు తెలిసిపోయింది. తిరిగి చూసేసరికి ఆమె అక్కడ లేదు. తన కుర్చీ దగ్గరికి పోయి, శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి కుర్చీలో ఉంచి, బయటికి నడుస్తోంది. నేను కుర్చీ కింద విడిచిన చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడ్డాను. వెనకనుంచి పిలిస్తే ఆగే మనిషి కాదు కదా. బస్టాండు దాకా ఆమె ముందు, నేను వెనక.

ఆ సీరియలు ఇప్పటికీ వస్తోంది. ఇప్పటికీ అందులో గ్లాసు పగిలితే శబ్దం. నేను ఆ పని మానేశాను, మళ్ళీ పెళ్ళి కార్డులు కొడుతున్నాను. అది నా గొప్ప అని కాదు, జరిగింది చెప్తున్నాను.

ఉదయగిరి బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఆమె ఒళ్ళో పడుతోంది. నేను నోటుబుక్కు లాక్కుని గబగబా రాయడం మొదలుపెట్టాను. వేదిక మీద ఎవరు ఏమన్నారో, ఎందుకు చప్పట్లు కొట్టారో, సారు ఏం కూశాడో, నేనేం తిట్టానో, ఒక్క ముక్క వదలకుండా. ఒక పేజీ నిండకముందే ఆమె పెన్సిలు తీసేసుకుంది. పేజీ తిప్పి రాసింది.

"ఇది వద్దు. నాయన ఏం చెప్పినాడు?"

పన్నెండేళ్ళలో ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను. మర్చిపోయిందనుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

నాయన అన్నది ఇంతే: "పెద్దది గుమ్మంలో నిలబడుండాది. దాన్ని నా దగ్గరికి పిలవండి."

పిలవడం ఏమంత పని? నాలుగడుగులు వేసి చెయ్యి పట్టుకుని తీసుకురావడం. గొంతుతో పిలిస్తే వచ్చే మనిషి కాదు కాబట్టి ఎవరూ పిలవలేదు. అందరూ నాయన మొహమే చూస్తున్నారు. ఆయన రెండోసారి అన్నాడు. అప్పుడూ నేను కదల్లేదు, కదిలితే ఆఖరి మాట ఎక్కడ వినకుండా పోతానో అని. ఆఖరి మాట అదే. తర్వాత చెప్దామనుకున్నాను. పూడ్చిపెట్టి వచ్చాక ఆ మాట చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

అదంతా రాశాను. బస్సు కుదుపులకి అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. ఏడవలేదు. గాజులు మోచేతి వైపు తోసుకుని మణికట్టు నా ముందు చాపింది. ఎంత గట్టిగా అన్నాడని.

కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. వేలి కొస ఆనీ ఆనకుండా ఒకసారి తాకించాను. ఆగాను. ఇంకోసారి తాకించాను, అంతకంటే మెల్లగా, ఉప్పు కాగితం కంటే మెత్తగా. తర్వాత వేలు తీసేశాను. ఆగిపోయిందని ఆమెకి అర్థమైంది.

అప్పుడు ఆమె నా చెయ్యి అందుకుంది. నా గాజులు పైకి తోసింది. మణికట్టు మీద బొటనవేలి గోరు ఆనించి, బలమంతా పెట్టి దించింది. అది రంపం. ఉదయగిరి కొండ కనపడేదాకా తియ్యలేదు. నేను చెయ్యి లాక్కోలేదు. బస్సు నిండా జనం ఉన్నారు. మా అక్క అంతసేపు అరిచినా ఒక్కరూ తల తిప్పి చూడలేదు.